ఎడారి మొక్కల తోట : మెట్ట రైతునకు పాఠములు

కాలువ క్రింద వరి పండించు రైతునకు నీటిని పారించు విద్య కావలెను. వాన మీద నాధారపడి జొన్న, సజ్జ, కంది, ఆముదము వేయు రైతునకు కురిసిన నీటిని కాపాడు విద్య కావలెను. మన జిల్లాలలో కాలువయు చెరువును లేని మెట్టభూములు ఎన్నియో కలవు. ఆ భూములవారు కాలువల క్రింది సేద్యమును చూచి నేర్చుకొనదగినది కొలది. తమ కంటె తక్కువ వానతో బ్రదుకు వారిని చూచి నేర్చుకొనదగినది మెండు. అట్టివారిలో మొదట నెన్నదగినవి ఎడారి మొక్కలు. ఇవి ఏ బడిలోను చదువకయే, ఏ బావియు త్రవ్వకయే, ఏడాదికి నాలుగైదు వానలతో నూరేండ్లు బ్రదుకుచున్నవి. ఇవి ఎట్లు బ్రదుకుచున్నవో, వానివలన మనకేమి లాభమో, ఏమి అపాయమో ఈ పాఠమున వివరింతుము.

ఎక్కడ చూడవచ్చును?

హైదరాబాదునకు పనిమీద వచ్చు సభ్యులు చాలమంది సికిందరాబాదు స్టేషనులో దిగుదురు. అక్కడినుండి మెట్టుగూడ మీదుగా తార్నాక చేరినచో ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము వచ్చును. 2017 నుండి ఈ దారిని మెట్రో రైలు నడచుచున్నది. మెట్టుగూడలోను తార్నాకలోను స్టేషనులు కలవు. ఈ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడెను. దాని ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. భవనమును చూచి మెచ్చుకొని మరలిపోవువారే ఎక్కువ. రైతు మాత్రము భవనముతోపాటు దాని చుట్టునున్న నేలను గూడ చూడవలెను. అది మన తెలంగాణపు మెట్ట నేలయే: గుండ్రాళ్లు, చెలక మన్ను, లోతు తక్కువ, క్రింద గట్టిరాయి. ఇట్టి నేలలయందు ఎవరును నాటక మొలచు తుమ్మ, రేగు, సీతాఫలము, జిల్లేడు, జెముడు మొదలగునవే మన ప్రాంతపు ఎడారి తోట యనవచ్చును. విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర శాఖ కలదు. సంఘ కార్యదర్శి ముందుగా జాబు వ్రాసి అనుమతి పొందినచో, మొక్కలను గుర్తించి చెప్పగల ఉపాధ్యాయుల సాయము దొరకవచ్చును.

ఎడారి మొక్కలకే ప్రత్యేకముగా నేర్పడిన తోటలును లోకమున కలవు. వానిలో పేరుగన్నది అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరమునందలి తోట. దీనిని ప్రభుత్వము నెలకొల్పలేదు. తమ ప్రాంతపు మొక్కలు నశించిపోవుచున్నవని చింతించిన కొందరు పౌరులు సంఘముగా కూడి పూనుకొనిరి. గుస్టాఫ్ స్టార్క్ అను వృక్షశాస్త్రాభిమాని వారిని కూడదీసెను. గెర్ట్రూడ్ వెబ్‌స్టర్ అను ఆమె ధనసహాయము చేసెను. తోట 1939లో తెరువబడెను. నేడది 140 ఎకరములలో 50,000 మొక్కలకు మించి పెంచుచున్నది. మన దేశమున హర్యానా రాష్ట్రమున చండీగఢ్ నగరమునకు ఆనుకొనియున్న పంచకులలో జాతీయ కాక్టసు తోట 7 ఎకరములలో కలదు. అది 1987లో ఏర్పడెను. పదిమంది కలసి పూనుకొనినచో ఎడారిలోనైనను తోట నిలుచునని ఫీనిక్సు పౌరులు చూపిరి. సహకార సభ్యులకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

ఎడారి యనగా నేమి?

ఎడారి యనగానే ఇసుక తిన్నెలు తలపునకు వచ్చును. కాని ఇసుక లేని ఎడారులును కలవు. పడిన వాన కంటె ఎండకు ఆవిరియై పోగల నీరు ఎన్నో రెట్లు మించిన చోటు ఎడారి. ఫీనిక్సులో ఏడాదికి 8 అంగుళముల లోపుగనే వాన పడును. హైదరాబాదులో సుమారు 32 అంగుళములు, అనంతపురము జిల్లాలో సుమారు 22 అంగుళములు పడును. కాబట్టి మనది ఎడారి కాదు. అయినను మన వాన నాలుగు నెలలలో కురిసి పోవును. అందును కొన్ని గట్టి వానలలోనే చాలభాగము పడి వాగుపాలగును. తక్కిన ఎనిమిది నెలలు మన నేల ఎడారికి దాయాది యే. నవంబరు మొదలు మే వరకు మన బీళ్లలో పచ్చగా నిలుచు మొక్క యేది యున్నను అది ఎడారి విద్య నేర్చినదని తెలియవలెను.

నీటిని కాపాడు ఉపాయములు

ఎడారి మొక్కల ఉపాయములు పలువిధములు. వానిలో ముఖ్యమైనవి అయిదు. ప్రతిదాని ప్రక్కను మన సేద్యమునకు పనికివచ్చు మాట గూడ చెప్పుదుము.

1. ఆకు తగ్గించుట. మొక్కలోని నీరు ముఖ్యముగా ఆకునుండి ఆవిరియగును. నాగజెముడు తన ఆకులను దాదాపు విడిచిపెట్టెను. మనము ఆకు లని అనుకొను పచ్చని పలకలు నిజమునకు కాండములే. ముండ్లే మారిపోయిన ఆకులు. ముండ్లు పశువులనుండి కాపాడుటయేగాక, పలకపై కొంత నీడ గూడ నిచ్చును. తుమ్మ, జమ్మి మొదలైనవి ఆకును విడువక, దానిని చిన్న చిన్న రెబ్బలుగా చీల్చుకొనినవి. మన పైరులలో జొన్న ఎండ ముదిరినప్పుడు ఆకు చుట్టుకొనును. అది రోగము కాదు. నీటిని కాపాడుకొను పని.

2. మైనము పూయుట. నాగజెముడు పలకను గోటితో గీచినచో తెల్లని పొర లేచును. ఇది మైనము. నీరు బయటికి పోకుండ ఇది అడ్డగించును. జొన్న కాడపైని తెల్లని పొడియు నిట్టిదే. నేలకు ఇట్టి పొర లేదు గనుక రైతే దానిని కల్పింపవలెను. పైరు వరుసల నడుమ గుంటక తోలి పైమన్నును పొడిచేసినచో అడుగునున్న తేమ పైకి ఎక్కదు. చొప్ప, ఆకు, పొట్టు పరచినను అట్లే నిలుచును.

3. నిలువ చేయుట. అరిజోనాలో సగ్వారో అను పెను కాక్టసు కలదు. ఇది 40 అడుగుల ఎత్తు పెరుగును. 150 ఏండ్లకు మించి బ్రదుకును. దీని కాండము విసనకఱ్ఱవలె మడతలు మడతలుగా నుండును. వాన కురిసినప్పుడు మడతలు విచ్చుకొని నీటిని నింపుకొనును. ఎండకాలమున మరల ముడుచుకొనును. మన నల్లేరు కణుపులలోను, కలబంద మట్టలలోను ఇదే ఏర్పాటు. చేనులో నీటిగుంట త్రవ్వుకొను రైతును, గాదెలో ఒక పంట గింజలు మిగిల్చుకొను రైతును సగ్వారో చేసిన పనినే చేయుచున్నారు.

4. వేరు పారించుట. ఇందు రెండు మార్గములు కలవు. సగ్వారో వేళ్లు చాలభాగము నేలకు అరడుగు లోతులోనే యుండి, చెట్టు ఎంత యెత్తో అంత దూరము చుట్టును పారును. చిన్న జల్లు పడినను త్రాగివేయును. జమ్మి జాతి చెట్లు లోతుగా దిగి అడుగు తేమను వెదకును. జమ్మికి చుట్టమైన ఒక అమెరికా చెట్టు వేరు ఒక గనిలో 50 మీటర్లకు మించిన లోతున కనబడెను. ఈ రెండు మార్గములను ఒకే చేనిలో కలుపుటయే మన పెద్దలు జొన్నలో కంది వేయుట. జొన్న పైతేమను త్రాగి ముందు కోతకు వచ్చును. కంది లోతు తేమతో పిమ్మట కాయును. ఒకటి చెడినను వేరొకటి నిలుచును.

5. విత్తు తొందరపడకుండుట. ఎడారిలో అనేక గడ్డిమొక్కల విత్తులపై మొలకను ఆపు పదార్థ ముండును. చిన్న చినుకునకు అది కరగిపోదు. చాలినంత వాన పడి కడిగినప్పుడే విత్తు మొలచును. తొలి జల్లునకు మొలచి ఎండకు మాడుట ఆ విత్తులకు తెలియదు. మన రైతులు మాత్రము మృగశిర జల్లు పడగానే విత్తనము చల్లి, పిమ్మట రెండు వారములు వాన లేక మొలక మాడి, అప్పుచేసి మరల విత్తనము కొనుచున్నారు. మెట్టభూములలో 2 లేక 3 అంగుళముల వాన పడి నేల జేనెడు లోతున నానిన పిమ్మటనే విత్తుమని వ్యవసాయశాఖ వారు చెప్పు మాటయు ఎడారి విత్తు చేయు పనియు ఒక్కటే.

రాత్రిపూట పనిచేయు మొక్క

పై అయిదును కంటికి కనబడునవి. ఆరవది కనబడదు గాని అన్నిటికంటె గొప్పది. దానిని తొలినాళ్లలో గ్రంథస్థము చేసినవారిలో ఒకడు మన తెలుగు దేశముతో సంబంధము గలవాడే.

గోదావరి మండలమున సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారికి ఒక తోట యుండెను. 1781 మొదలు 1793 వరకు విలియం రాక్సుబరో అను వైద్యుడు దానిని చూచెను. కోరమండలు తీరపు మొక్కలపై ఆయన ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధము. ఆయన కలకత్తా వెళ్లిన పిమ్మట బెంజమిన్ హైన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ తోటకు వచ్చెను. ఈ హైన్ మన యిండ్ల దొడ్లలో నుండు రణపాల ఆకును వేర్వేరు వేళల రుచిచూచి ఒక వింత కనిపెట్టెను. తెల్లవారుజామున ఆకు పుల్లగా నుండును. మధ్యాహ్నమునకు రుచి పోవును. సాయంకాలమునకు కొంచెము చేదగును. ఈ సంగతి ఆయన లండనులోని శాస్త్రజ్ఞులకు వ్రాయగా 1815లో ప్రకటింపబడెను. దాని కారణమును పూర్తిగా తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టెను.

కారణ మిది. ప్రతి ఆకునకు కంటికి కనబడని రంధ్రములు కలవు. వానిగుండ మొక్క బొగ్గుపులుసు గాలిని పీల్చి, సూర్యుని వెలుతురుతో ఆహారము చేసికొనును. ఆ రంధ్రములు తెరచినప్పుడే నీరు ఆవిరియై పోవును. వరి, వేరుసెనగ మొదలైనవి పగటియెండలో రంధ్రములు తెరచును. నాగజెముడు, కలబంద, కిత్తనార, రణపాల, అనాస మొదలగునవి చల్లని రాత్రివేళ తెరచును. రాత్రి పీల్చిన గాలిని పులుసుగా మార్చి దాచుకొనును. అందుచేత తెల్లవారునప్పటికి ఆకు పుల్లనగును. పగలు తలుపులు మూసికొని, ఆ పులుసునుండి గాలిని తీసి వెలుతురులో ఆహారము చేసికొనును. ఈ విధముగా ఎండ పూట నీరు పోదు.

దీని లాభము లెక్కలో చూడుడు. ఎండిన పదార్థము ఒక కిలో తయారగుటకు వరివంటి పైరులకు 500 లీటర్లకు పైగా నీరు ఖర్చగును. జొన్న, సజ్జ, మొక్కజొన్నలకు 300 లీటర్ల ప్రాంతమున ఖర్చగును. రాత్రిపూట పనిచేయు మొక్కలకు 100 లీటర్ల ప్రాంతము చాలును. అయితే ఈ పొదుపునకు వెల లేకపోలేదు. పులుసు నిలువచేసికొను చోటు కొలది యగుటచే ఇవి మెల్లగా పెరుగును. సగ్వారో మొలక మొదటి 8, 10 ఏండ్లలో అంగుళమున్నర మించి పెరుగదు.

హైను చూచినది మీరును మీ పెరటిలో చూడవచ్చును. రణపాల ఆకును ఉదయమున చిదిమి నాలుక కొనకు తాకించి ఉమిసివేయుడు. సాయంకాలము మరొక ఆకును అట్లే చేయుడు. మ్రింగరాదు. పశువులకు ఆ ఆకు విషము గనుక మేతలో కలుపరాదు.

జెముడు లన్నియు ఒక్కటి కాదు

తోటలు చూచువారు మొదట నేర్వవలసిన గుర్తు ఒకటి కలదు. మనము నాగజెముడు, బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని అన్నిటిని జెముళ్లనియే పిలుతుము. వీనిలో నాగజెముడు వేరు, తక్కినవి వేరు. నాగజెముడు కాక్టసు కుటుంబమునకు చెందినది; దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. తక్కిన మూడును ఆముదముతో బంధుత్వము గలవి. రెంటికిని ఒకే విధమగు ఎండ తగిలినందున రూపము ఒకటియైనది గాని పుట్టుక వేరు.

గుర్తుపట్టుట సులభము. మొక్కకు చిన్న గాటు పెట్టినచో పాలు కారినది బొంతజెముడు మొదలగు వాని కుటుంబము. నీరువంటి జిగురు కారినది కాక్టసు. ఈ భేదము తెలియుట అవసరము. కాక్టసు పలకను పశువు తినవచ్చును. జెముడు పాలు పశువునకును మనిషికిని అపకారము. కంటిలో పడినచో చూపునకే ముప్పు. వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యునివద్దకు పోవలెను. కంచెకు జెముడు నరకువారు, ముఖ్యముగా బాలురు, ఈ మాట మరువరాదు.

నాగజెముడు మన దేశమునకు వచ్చిన కథ

వచ్చిన ప్రతి క్రొత్త మొక్కయు మేలుచేయదనుటకు నాగజెముడు కథయే సాక్షి. మెక్సికోలో నాగజెముడుపై బ్రదుకు కొచినీలు అను పురుగునుండి మేలైన ఎఱ్ఱరంగు తీయుదురు. ఆ వర్తక మంతయు స్పెయిను దేశమువారి చేతిలో నుండెను. కంపెనీవారు ఆ రంగును మన దేశమున తయారు చేయదలచిరి. 18వ శతాబ్దము చివర మద్రాసు దగ్గర సైదాపేటలో జేమ్సు ఆండర్సను అను వైద్యుడు ఇందుకై నాగజెముడు తోట పెంచెను. 1795లో నీల్సను అను అధికారి బ్రెజిలునుండి పురుగును కలకత్తాకు తెచ్చెను. కాని వచ్చినది మేలుజాతి పురుగు కాదు, అడవిజాతి. రంగు వర్తకము చెడెను. నాగజెముడు మాత్రము నిలిచెను. కంచెకని పలకలు నాటిరి. పండ్లు తిన్న పక్షులు విత్తులు చల్లెను. విరిగిన ప్రతి పలకయు వేరుపారెను. బీళ్లు, డొంకలు, ఊరి వెలుపలి భూములు ముండ్లపాలయ్యెను.

ఆ నాసిరకపు పురుగు ఒక మేలు చేసెను. ఉత్తర, మధ్య దేశములలో ఒక జాతి నాగజెముడును అది తినివేసెను. ఇది చూచి 19వ శతాబ్దమున దానిని దక్షిణదేశమునకును, పిమ్మట సింహళమునకును తీసికొనిపోయిరి. కలుపును పురుగుచే చంపించుటలో లోకమున మొదటి ఉదాహరణములలో ఇది యొకటి. కాని దక్షిణమున వ్యాపించిన వేరొక జాతి నాగజెముడును ఆ పురుగు ముట్టలేదు. 1926లో ఆ జాతినే తిను మరియొక కొచినీలు పురుగును సింహళమునుండి తెచ్చి విడువగా, కొలది ఏండ్లలో సుమారు 40,000 హెక్టారులు, అనగా లక్ష ఎకరములు శుభ్రమయ్యెను.

ఆస్ట్రేలియాలో ఈ పీడ ఇంకను పెద్దది. 1925 నాటికి అక్కడ సుమారు 6 కోట్ల ఎకరములను నాగజెముడు ఆక్రమించెను. అర్జెంటీనానుండి తెచ్చిన ఒక చిమ్మటయొక్క పురుగు దానిని అణచెను. క్వీన్సులాండులో బూనార్గ అను పల్లెవారు 1936లో తమ సభామందిరమునకు ఆ చిమ్మట పేరు పెట్టి కృతజ్ఞత చూపిరి. ఒక పురుగు పేర రైతులు మందిరము కట్టిన చోట్లు లోకమున చాల అరుదు.

సర్కారు తుమ్మ

రెండవ కథ మన కడప జిల్లాలోనే జరిగెను. ధాత కరువు దినములలో, 1877లో, వంటచెఱకు కొఱత తీర్చుటకై జమైకా ద్వీపమునుండి విత్తనములు తెచ్చి కమలాపురమున నాటిరి. అదియే నేడు మనము సర్కారు తుమ్మ యని పిలుచు చెట్టు. ఎండకు జంకదు, చౌడుకు జంకదు, పశువు ఆకు ముట్టదు. వంటచెఱకును బొగ్గును ఇచ్చి పేదలను ఆదుకొన్న మాట నిజమే. కాని కాయలు తిన్న మేకలు, పశువులు పేడతో విత్తులు చల్లగా, చెరువు కడుపులు, వాగుల అంచులు, పచ్చిక బీళ్లు దాని పాలయ్యెను. నరికినచో మొదలునుండి పది చివుళ్లు వేయును. అందుచే పైపైన నరకుటవలన లాభము లేదు. మొదలు క్రింద మొగ్గ లుండు భాగముతో గూడ పెల్లగింపవలెను.

జమ్మి : మనకు తెలిసిన ఎడారి చెట్టు

పరదేశపు మొక్కలకై వెదకు మనకు ఇంటిముంగిటనే ఒక చెట్టు కలదు. దసరానాడు పూజించు జమ్మియే రాజస్థాన ఎడారిలో రైతునకు ప్రాణాధారము. అక్కడ దానిని ఖేజడీ యందురు. దాని ఆకు పశువులకు మేత, లేతకాయలు మనుష్యులకు కూర, కొమ్మలు వంటచెఱకు. వేరు లోతుగా దిగుటచే పైరుతో తేమకు పోటీపడదు. చిక్కుడు జాతిది గనుక నేలకు సారము చేర్చును. దాని క్రింద సజ్జ తగ్గక పండుట అక్కడి రైతు లందరు ఎరిగినదే. 1730లో జోధపురము దగ్గర ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లు నరకవచ్చినప్పుడు అమృతాదేవియు, ఆమె వెంట బిష్ణోయి జనులును చెట్లను కౌగిలించుకొని 363 మంది ప్రాణములు విడిచిరి. తెలంగాణ రాష్ట్రమునకు జమ్మి రాష్ట్రవృక్షము. అయినను మన పల్లెలలో దసరా పూజకు కొమ్మ దొరకుటయే కష్టమగుచున్నది. దొరకిన చెట్టును ఆనాడు అందరును విరిచి మోడు చేయుదురు. పూజించు చెట్టును నాటుట గూడ పూజలో భాగమే.

ముండ్లులేని నాగజెముడు నాటవచ్చునా?

ఇప్పుడు సభ్యులు అడుగు ప్రశ్నకు వత్తము. ముండ్లులేని నాగజెముడును పశువుల మేతగా మన దేశపు పరిశోధనాలయములలో పరీక్షించుచున్నారు. బ్రెజిలు, మెక్సికో, ఉత్తరాఫ్రికా దేశములలో ఇది కరవుమేతగా వాడుకలో నున్నది. దీనిని మనము నాటవచ్చునా? తొందరపడి అవుననియు, భయపడి కాదనియు చెప్పరాదు. లాభనష్టములు రెండును చూడుడు.

లాభములు: ఎండకాలమున పచ్చిమేత దొరకును. పలకలో నూటికి 85 మొదలు 90 పాళ్లు నీరే గనుక పశువు దప్పియు కొంత తీరును. వేరొక పైరు నిలువని రాతినేలలో పెరుగును.

లోపములు: ఇది ఒక్కటే మేత కాదు. ఇందు మాంసకృత్తులు చాల తక్కువ. ముక్కలు చేసి చొప్పతోను, చెక్క లేక పప్పుపొట్టుతోను కలిపి పెట్టవలెను. ఒంటిగా ఎక్కువ పెట్టినచో పశువు పలుచగా పారును. ముండ్లులేనిదను రకమునకును సన్నని నూగు ముండ్లు కొన్ని యుండవచ్చును; చేతితో తడవి చూడవలెను. ముండ్లు లేవు గనుక కంచె లేనిచోట మేకలు ఒక్కరాత్రిలో తినిపోవును. పురుగు భయమును కలదు: మనకు 1926లో మేలుచేసిన కొచినీలు పురుగే 2014 మొదలు మొరాకో దేశమున పల్లెవారి నాగజెముడు తోటలను నాశనము చేసెను. మన దేశమున ఆ పురుగు ఇప్పటికే కలదు.

కాబట్టి పరీక్షింపదలచినవారు ఈ క్రింది విధముగా చేయవలెను.

1. పరిశోధనాలయము లేక వ్యవసాయశాఖ వారు ఇచ్చిన రకమునే తేవలెను. దారిప్రక్క మొక్కనుండి పలక విరిచి నాటరాదు.

2. ఏడాది ముదిరిన పలకను కోసి, ఒకటి రెండు వారములు నీడలో నుంచి గాయము ఆరనీయవలెను. పచ్చిగాయముతో నాటినచో కుళ్లును.

3. నీరు నిలువని మిట్టనేలలో పలకను మూడవవంతు మొదలు సగమువరకు పాతి నిలువుగా నాటవలెను. మన వానకు ఎండ కంటె నీరు నిలుచుటయే దీనికి శత్రువు.

4. మొదట పది ఇరువది మొక్కలు చాలును. ఏడాది చూచి, పశువు తినినదో లేదో, మొక్క ప్రక్కలకు పాకినదో లేదో వ్రాసి ఉంచవలెను.

5. తెల్లని దూదివంటి మచ్చలు పలకపై కనబడినచో ఆ పలకను వెంటనే కోసి పూడ్చవలెను. తెల్లని మచ్చను నలిపినచో ఎఱ్ఱరంగు వచ్చుట కొచినీలు పురుగు గుర్తు.

6. వాగుల అంచున, అడవి అంచున, ఊరుమ్మడి బీడులో నాటరాదు. ఒకనికి మేతయైనది ఊరికి కలుపు కారాదు.

సంఘములు చేయదగిన పని

ఒక్కొక్క రైతు ఒక్కొక్క దారిని పోయినచో క్రొత్త మొక్క మేలు కంటె కీడు ఎక్కువ చేయును. నాగజెముడును సర్కారు తుమ్మయు అట్లే పాకినవి. నాటినవాని గట్టుతో అవి ఆగలేదు. కాబట్టి ఈ విషయమును ఒకని యిష్టమునకు విడువక, సంఘ సభలో చర్చించి తీర్మానింపవలెను. ముఖ్యముగా నాలుగు పనులు చేయవచ్చును.

మొదటిది, వేసవిలో పనిలేని దినములలో పదిమంది సభ్యులు కలసి చూచివచ్చుట. హైదరాబాదు పోయినవారు తార్నాక దగ్గర విశ్వవిద్యాలయపు చెట్లను చూచినట్లే, 1985లో స్థాపితమైన కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థను సంతోషునగరునందును, 1972లో ఏర్పడిన ఇక్రిశాటును పటాన్‌చెరువునందును అనుమతితో చూడవచ్చును. వెళ్లినవారు ప్రతి మొక్కయెదుటను నాలుగు ప్రశ్న లడుగవలెను: దీని పుట్టినిల్లు ఏది? ఏ వానలో పెరుగును? పశువు తినునా? పాకి కలుపగునా? నాలుగవదానికి సరియైన జవాబు లేని మొక్కను ఊరికి తేరాదు.

రెండవది, ఊరి ఉమ్మడి బీడులో సర్కారు తుమ్మను మొదలంట తీయించి, ఆ చోట జమ్మి, రేగు, సీతాఫలము, వేప నాటుట. అమ్మిన కట్టెల సొమ్ము నాటు ఖర్చునకు సాయపడును. ఇందు సగ్వారో మరియొక ఉపాయము నేర్పును. దాని మొలక బయలులో బ్రదుకదు. ఏదేనొక పొద నీడలోనే బ్రదికి, పిమ్మట పొదను మించి పెరుగును. మన జమ్మి, వేప మొక్కలను గూడ కాపాడు పొదల నీడన నాటినచో ఎండనుండియు మేకలనుండియు తప్పును.

మూడవది, విత్తనపు తొందర మాన్పుట. సంఘ కార్యాలయమున ఒక వానకొలత పాత్ర నుంచి, పడిన వానను పలకపై వ్రాసి గోడకు కట్టినచో, ఎప్పుడు విత్తవలెనో సభ్యు లందరు చూచుకొందురు. అందరి విత్తనపు ఖర్చు కలిపి చూచినచో వానకొలత పాత్ర ఖరీదు ఎంత స్వల్పమో తెలియును. రెండవమారు విత్తనమునకై సంఘమునుండి తీసిన అప్పు తిరిగి కట్టుట ఎంత కష్టమో సభ్యులకు తెలియనిది కాదు.

నాలుగవది, బాలురకు చూపుట. పాఠశాల పిల్లలచే ఊరిలోని మెట్టమొక్కల పేర్లు పెద్దలనడిగి వ్రాయింపవలెను. కుందేటికొమ్ములు, నల్లేరు, కొండపాల అను పేర్లు తెలిసినవారు తగ్గుచున్నారు. పేరు పోయినచో గుణము పోవును. గుణము పోయినచో మొక్క పోయినను ఎవరును వగవరు.

సోదర రైతులారా! ఎడారి మొక్కలు మనకు గొప్ప ధనము నిచ్చునని మేము చెప్పుట లేదు. కురిసిన వానను వృథాచేయక, చాలినంత తేమ చిక్కువరకు ఓర్చి, దొరకిన దానిలో కొంత దాచుకొని, ప్రక్కవాని వేరునకు అడ్డురాకుండ తన వేరు దించుకొను పద్ధతిని అవి చూపుచున్నవి. ఈ వేసవిలో మీ సంఘము తరఫున కొందరైనను వెళ్లి చూచి, తాము తెలిసికొనినదానిని తొలకరికి ముందు జరుగు సభలో తక్కినవారికి చెప్పుదురుగాక.